గాలి పడిపోయిన వేళకు ఒక మోటారు

1881 మే 26న పారిస్‌లో సేన్ నది మీద ఒక చిన్న పడవ ఎగువకు సాగింది. దానికి తెడ్లు వేసేవారు లేరు, తెరచాప లేదు, పొగ గొట్టమూ లేదు. పొడవు అయిదున్నర మీటర్లు. పేరు ‘లే టెలిఫోన్’. టెలిఫోన్ పుట్టి అప్పటికి అయిదేళ్ళే కాబట్టి కొత్త వింతలకు ఆ పేరు పెట్టుకోవడం ముచ్చటగా ఉండేది. పడవను నడిపించినవాడు గుస్తావ్ త్రూవే. గడియారాల పనిలో చేయి తిరిగినవాడు, చిన్న చిన్న విద్యుత్ పరికరాలు చేయడంలో దిట్ట. అంతకు నెల రోజుల ముందే అదే మోటారు రకంతో మూడు చక్రాల బండిని పారిస్ వీధిలో నడిపి చూపించాడు. బండి మీద పేటెంటు దొరకకపోవడంతో నీళ్ళ మీదికి మళ్ళాడు.

పడవలో ఎక్కువ చెప్పుకోవలసింది మోటారు కన్నా అది కూర్చున్న చోటు. త్రూవే దాన్ని పడవ కడుపులో బిగించలేదు. చుక్కాని తల మీద పెట్టాడు. అక్కడినుంచి గొలుసు ద్వారా కింద నీటిలో, చుక్కానిలోనే అమర్చిన పంకాను తిప్పాడు. చుక్కాని ఎటు తిరిగితే తోపుడూ అటే తిరుగుతుంది. మోటారు బరువు అయిదు కిలోలు. పని అయిపోతే మొత్తం ఊడదీసి చంకన పెట్టుకుని ఇంటికి పోవచ్చు. ఇవాళ చిన్న తెరచాప పడవ వెనక పలకకు రెండు మరలతో తగిలించే ట్రోలింగ్ మోటారు అనే చిన్న కరెంటు మోటారులో కూడా ఏర్పాటు దాదాపు ఇదే. పడవకు బయట తగిలించే మోటారు అనగానే అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన పెట్రోలు ఇంజను గుర్తుకొస్తుంది. కానీ ఆ వరసలో మొదటిది కరెంటుదే. అదీ ఇరవై ఎనిమిదేళ్ళ ముందు.

త్రూవేకి ముందు కూడా ఒకరున్నారు. రష్యాలో స్థిరపడ్డ జర్మన్ శాస్త్రవేత్త మోరిట్జ్ యాకోబీ 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర నేవా నదిలో విద్యుత్ పడవ నడిపాడు. ఖర్చు జార్ మొదటి నికొలాయ్ ప్రభుత్వానిది. పడవకు రెండు పక్కలా తెడ్డు చక్రాలు, లోపల డజను మందికి పైగా మనుషులు, వాళ్ళతోపాటు జస్తా, రాగి పలకల బ్యాటరీ గదులు మూడు వందల ఇరవై. వేగం మాత్రం మనిషి నడక కన్నా తక్కువ. మరుసటి ఏడాది ప్లాటినం వాడిన గ్రోవ్ బ్యాటరీ గదులు పెట్టి, సంఖ్యను అరవై నాలుగుకి తగ్గించి, వేగాన్ని గంటకు నాలుగు కిలోమీటర్ల దాకా తెచ్చాడు. ఆ సంగతిని లండన్‌లో ఉన్న శాస్త్రవేత్త ఫారడేకి ఉత్తరం రాసి మరీ చెప్పుకున్నాడు. గ్రోవ్ బ్యాటరీలో ఉండేది గాఢ నత్రికామ్లం. అది పనిచేస్తున్నంతసేపూ గోధుమ రంగు విషవాయువు వదులుతుంది. పొగ రాని పడవ అన్న పొగడ్త ఆ పడవకు చెల్లదు.

గంటకు నాలుగు కిలోమీటర్లు. ఈ అంకెతో ఇంకా పని ఉంది.

సీసం పలకలను ఆమ్లంలో ముంచి మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల బ్యాటరీని గస్తోన్ ప్లాంటే 1859లో చేశాడు. త్రూవే పడవ నడిపిన 1881లోనే కమీ ఫోర్ దాన్ని కర్మాగారాల్లో తయారుచేయడానికి అనువుగా మార్చాడు. ఆ తర్వాత పదేళ్ళూ విద్యుత్ పడవలకు పండగే. 1882 సెప్టెంబరులో లండన్‌లో థేమ్స్ మీద ‘ఎలక్ట్రిసిటీ’ అనే ఇరవై అయిదు అడుగుల ఇనుప పడవ తిరిగింది. దాన్ని రూపొందించిన ఆంథొనీ రెకెన్‌జౌన్ 1886లో ‘వోల్టా’ అనే మరో పడవలో, దారిలో ఎక్కడా చార్జి చేయకుండా, డోవర్ నుంచి కలే దాకా ఇంగ్లిష్ చానల్ దాటి తిరిగి వచ్చాడు. ఆ దశాబ్దం చివరికి థేమ్స్‌లో నీటి మీద తేలే చార్జింగ్ కేంద్రాలు కూడా వెలిశాయి. కార్లకు చార్జింగ్ స్టేషన్లు ఎక్కడ పెట్టాలని ఇవాళ తల పట్టుకుంటున్నవాళ్ళు విక్టోరియా రాణి కాలపు ఈ నదిని ఒకసారి చూడాలి.

1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఎల్కో కంపెనీ యాభై అయిదు విద్యుత్ పడవలు నడిపింది. ప్రదర్శన ముగిసేలోగా వాటిలో పది లక్షల మందికి పైగా తిరిగారు. పగలంతా తిరగడం, రాత్రి చార్జింగ్. సంపన్నుల చెరువుల్లో, విహార స్థలాల్లో అలాంటి పడవ లేకపోతే చిన్నతనం అన్నట్టు ఉండేది.

తర్వాత పెట్రోలు వచ్చింది. విద్యుత్ పడవ ఓటమికి కారణం మోటారులో లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికే విద్యుత్ మోటారు తనకిచ్చిన శక్తిలో ఎక్కువ భాగాన్ని పనిగా మార్చేది. ఆనాటి పెట్రోలు ఇంజను అందులో నాలుగో వంతు కూడా చేసేది కాదు. అయితే ఒక కిలో పెట్రోలులో సుమారు పన్నెండు వేల వాట్ అవర్ల శక్తి ఉంటే, కిలో సీసం బ్యాటరీలో ఉండేది ముప్ఫై చిల్లర. ఇంజను ఎంత దుబారా చేసినా ఈ తేడా ముందు లెక్కలోకి రాదు. ఎల్కో కూడా పెట్రోలు పడవలకు మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ కట్టిన పడవల్లో ఒకటి పీటీ-109. దానిలో మూడు భారీ పెట్రోలు ఇంజన్లు ఉండేవి, దాని కమాండరు తర్వాతి కాలపు అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ.

విద్యుత్ పడవ పూర్తిగా కనుమరుగు కాలేదు. కొంత నీటి కిందికి పోయింది. 1899లో ఎల్కోని, హాలండ్ జలాంతర్గామి కంపెనీని కలిపి ఎలక్ట్రిక్ బోట్ సంస్థ ఏర్పడింది. నీట మునిగి నడిచే ఓడలో పెట్రోలు మండించడానికి గాలి దొరకదు కాబట్టి అక్కడ బ్యాటరీకి పోటీ లేదు. కొంత కొండల మధ్య మిగిలింది. జర్మనీలోని బవేరియాలో కోనిగ్‌జే సరస్సు మీద 1909 నుంచి నేటికీ ప్రయాణికుల పడవలు కరెంటుతోనే నడుస్తున్నాయి. మిగిలింది, అంటే మన కథకు కావలసింది, చేపల వేటగాళ్ళ చేతికి చిక్కింది.

చికాగో నుంచి వాయవ్యంగా పోతే మిన్నెసోటా, దాని పక్కన నార్త్ డకోటా. లెక్కలేనన్ని సరస్సులున్న ప్రాంతం. పడవ మెల్లగా కదులుతుంటే వెనక గాలాన్ని నీటిలో ఈడ్చుకుంటూ పోయే వేట అక్కడ అలవాటు. దీన్నే ట్రోలింగ్ అంటారు. పెట్రోలు ఇంజనును అంత నెమ్మదిగా నడిపితే దగ్గుతుంది, ఆగిపోతుంది, చప్పుడుకి చేప బెదురుతుంది. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణవాసి ఓ.జి. ష్మిట్ దీనికి ఒక ఉపాయం చేశాడు. ఫోర్డ్ మోడల్ ఏ కారు స్టార్టరు మోటారు తీసుకుని, దానికి వంగే ఇరుసు కలిపి, చివర పంకా బిగించాడు. రెండు రాష్ట్రాల పేర్లూ కలిపి కంపెనీకి మిన్ కోటా అని పేరు పెట్టాడు. అది 1934. మాంద్యం కాలం, పైగా అమెరికా మధ్య మైదానాలన్నీ దుమ్ము తుఫానుల్లో ఉన్నాయి. పాత కారు సామాను తక్కువ ధరకు దొరకడం ఈ యంత్రం పుట్టుకలో చిన్న సంగతేమీ కాదు.

కారు స్టార్టరు నడిచేది కారు బ్యాటరీతోనే. అందువల్ల బయట నుంచి కొత్త రకం బ్యాటరీ ఏదీ అక్కరలేకపోయింది. ఊళ్ళో ప్రతి గరాజులోనూ దొరికే సీసం బ్యాటరీ చాలు. త్రూవే తన బ్యాటరీ కోసం సొంతంగా కలుపుకున్న బైక్రోమేట్ ద్రావణానికీ, ష్మిట్ వాడిన బ్యాటరీకీ మధ్య యాభై ఏళ్ళలో జరిగిన అసలు మార్పు ఇదే అనిపిస్తుంది. మోటారు అదే, బజారు మారింది.

ముప్ఫై ఏళ్ళ పాటు అది వేటగాళ్ళ సరదా సామానుగానే ఉంది. 1967లో రే స్కాట్ అనే బీమా ఏజెంటు ఆర్కెన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సులో బాస్ చేపల వేట పోటీ పెట్టి, మరుసటి ఏడాది వేటగాళ్ళ సంఘం ఒకటి స్థాపించాడు. వేట డబ్బున్న ఆట అయింది. చేపలుండే చోటికి పెద్ద ఇంజనుతో దూసుకుపోవడం, అక్కడ దాన్ని ఆపి, పడవ ముక్కున ఉన్న కరెంటు మోటారును కాలితో తిప్పుకుంటూ చేతులతో గాలం వేయడం పోటీదారుల పద్ధతి అయింది. అమ్మకాలు పెరిగాయి, ధరలు దిగాయి. తెరచాప పడవలవాళ్ళకు ఇది అక్కరకొచ్చింది. తమ కోసం ఎవరూ తయారు చేయని వస్తువు, వేటగాళ్ళ పుణ్యాన, ప్రతి వేట సామాను దుకాణంలోనూ చవగ్గా దొరికింది.

తెరచాప పడవకు ఉన్న బాధ పాతదే: గాలి పడిపోతుంది. పొద్దు గుంకే ముందు సరస్సు అద్దంలా అయిపోతుంది, రేవు మూడు వందల మీటర్ల దూరంలో కనిపిస్తూ ఉంటుంది. ఈ బాధ తెలుగువాళ్ళకూ కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత గోదావరి డెల్టా కాలువల్లో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో, గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గడ వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. నాలుగు వైపులా నీరున్న సరస్సు నడుమ గట్టు లేదు. పదిహేను అడుగుల చిన్న పడవలో తెడ్డు ఒకటి ఉంటుంది, అంతే.

పెట్రోలు మోటారు ఉండనే ఉంది, రెండు గుర్రాల శక్తిది. దానితో వచ్చే చిక్కు పనిలో కాదు, పని లేకపోవడంలో. వారానికి పది నిమిషాలు తిరిగే ఇంజనులో పెట్రోలు పాతబడి కార్బురేటరులో బంక కడుతుంది. గాలి పడిపోయి అవసరమైన ఆ ఒక్క సాయంత్రమే తాడు ఎన్నిసార్లు లాగినా అంటుకోదు. పడవ అడుగున పెట్రోలు వాసన. దీనికి తోడు చట్టం. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో అనేక ప్రభుత్వ సరస్సుల్లో పెట్రోలు మోటారుకు ప్రవేశం లేదు, కరెంటు మోటారుకే అనుమతి. తాగునీటి జలాశయాల్లోనూ చాలా చోట్ల ఇదే కట్టడి. ట్రోలింగ్ మోటారు తెరచాప పడవ వెనక పలక మీదికి అలా చేరింది.

చేరాక ఒక విచిత్రం బయటపడింది. వేట పడవకన్నా తెరచాప పడవే దానికి బాగా నప్పింది. తెరచాప పడవ అడుగు సన్నగా, నీటిని మెల్లగా చీల్చుకుపోయేలా ఉంటుంది. దాని బరువును గాలి తోసుకుపోవాలి కదా, అలాగే చెక్కుతారు. పడవ వేగానికి ఎంత శక్తి కావాలన్న లెక్కలు తేల్చినవాడు విలియం ఫ్రూడ్. 1870ల్లో ఇంగ్లండ్‌లోని టార్కీ ఊళ్ళో పెద్ద తొట్టి కట్టించి నమూనా ఓడలను లాగి చూశాడు. నీటి గీత దగ్గర పదహారు అడుగుల పొడవున్న పడవ అయిదున్నర నాట్ల దాకా, అంటే గంటకు పది కిలోమీటర్ల దాకా, సులువుగా పోతుంది. ఆపైన తాను లేపిన అలనే తాను ఎక్కలేక అవస్థ పడుతుంది. ఆ లోపల కూడా వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. దీన్ని తిరగేసి చదువుకుంటే ట్రోలింగ్ మోటారు జాతకం కనిపిస్తుంది. సగం వేగంతో సరిపెట్టుకునేవాడికి ఎనిమిదో వంతు శక్తి చాలు.

ఈ మోటార్లను గుర్రాల శక్తిలో అమ్మరు, పౌండ్ల తోపుడులో అమ్ముతారు. కదలకుండా తాడుతో కట్టిన పడవను ఎంత గట్టిగా లాగుతుందో ఆ కొలత చెబుతుంది, ఎంత వేగంగా పోతుందో చెప్పదు. పడవ, మనుషులు, సామాను కలిపి ప్రతి నూరు పౌండ్లకు రెండు పౌండ్ల తోపుడు కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. యాభై అయిదు పౌండ్ల మోటారు పన్నెండు వోల్టుల దగ్గర పూర్తి వేగంలో యాభై ఆంపియర్ల దాకా మింగుతుంది. అంటే ఆరు వందల వాట్లు, ఒక గుర్రం శక్తికి తక్కువే. అందులోనూ పంకా దగ్గర వృథా అయ్యేది చాలా ఉంటుంది. పక్కన రెండు గుర్రాల పెట్రోలు మోటారును పెట్టి చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. గాలి లేని నీటి మీద చూస్తే ఆ నవ్వు నిలవదు. నిలకడగా తెడ్డు వేసే మనిషి ఇచ్చే శక్తి వంద వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మోటారు మూడో వంతు పని చేసినా ఇద్దరు తెడ్డు వేసేవాళ్ళు పడవలో ఉన్నట్టే.

బ్యాటరీ దగ్గర ఆశ తగ్గించుకోవాలి. వంద ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీకి యాభై ఆంపియర్ల భారం పెడితే రెండు గంటలు వస్తుందని బడి లెక్క. విల్‌హెల్మ్ పోయ్‌కర్ట్ 1897లోనే చెప్పాడు, భారం పెరిగేకొద్దీ బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గుతుందని. పైగా సగానికన్నా లోతుగా ఖాళీ చేస్తూ పోతే సీసం పలకలు త్వరగా పాడవుతాయి. పూర్తి వేగంలో ముక్కాలు గంట దాటితే అదృష్టమే. అదే బ్యాటరీ మీద పదిహేను ఆంపియర్లతో పోతే మూడు గంటలకు పైగా వస్తుంది, పడవ గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున కదులుతూ ఉంటుంది. నేవా నదిలో యాకోబీ పడవ అందుకున్న వేగం ఇదే.

పాతిక ముప్ఫై కిలోల ఆ బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగవు. మోటారు పక్కనే పెడితే మనిషి బరువు, మోటారు బరువు, బ్యాటరీ బరువు అన్నీ వెనకే చేరి పడవ ముక్కు పైకి లేస్తుంది. నడిమధ్యకు జరిపితే తీగ పొడవవుతుంది. యాభై ఆంపియర్లు సన్నటి తీగలో పోతే వోల్టేజి దారిలోనే కరిగిపోతుంది, తీగ వేడెక్కుతుంది. అందుకే వేలు లావు రాగి తీగ, బ్యాటరీ మొదట్లోనే ఫ్యూజు. అనుభవజ్ఞులు మోటారు రకం కన్నా ఈ రెండింటి గురించే ఎక్కువసేపు మాట్లాడతారు, సబబే.

వేటగాడి వస్తువుని తెచ్చి వాడుకోవడంలో ఇబ్బందులు లేకపోలేదు. తెరచాప పడవ వెనక నడిమధ్య చోటు చుక్కానిది. మోటారును ఓ పక్కకు తగిలించాలి. పడవ ఒరిగితే ఆ పక్క పంకా నీటి పైకి తేలుతుంది. వెనక పలక ఎత్తుగా ఉంటే మోటారు కాడ పొట్టిదై కిందికి అందదు. వేట సామానులో చాలా భాగం మంచినీటి సరస్సు కోసం చేసింది, ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. సముద్రం కోసం వేరే రకాలు తర్వాత వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద పరిమితి ఎదురుగాలి. చాప దించేసినా స్తంభం, తాళ్ళు, పడవ పక్కలు గాలికి అడ్డు నిలుస్తాయి. గాలి వేగం రెట్టింపు అయితే దాని ఒత్తిడి నాలుగింతలు. పదిహేను నాట్ల ఎదురుగాలిలో ఈ మోటారు పడవను ఉన్నచోటనే నిలబెట్టడానికి ఆయాసపడుతుంది. అంత గాలి ఉన్నప్పుడు చాప ఎత్తుకోవాలి. మోటారు మీద ఆశ పెట్టుకుని చాప దించినవాడు తీరానికి కొట్టుకుపోతాడు.

పాత మోటార్లలో అయిదు వేగాల మీట ఉండేది. వేగం తగ్గించడమంటే కరెంటును నిరోధపు తీగచుట్టల గుండా పంపి వేడిగా వృథా చేయడం. నెమ్మదిగా పోతే ఆదా అన్న ఫ్రూడ్ లెక్కలో సగం ఫలితం అక్కడే ఆవిరయ్యేది. తర్వాత కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ ఇస్తూ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. వేట పత్రికల ప్రకటనల్లో దీనికి దక్కిన చోటు తక్కువ. తెరచాప పడవకు మాత్రం కొత్త పంకా, కొత్త బ్యాటరీ కన్నా మేలు చేసింది ఇదే కావచ్చు.

ఆ తర్వాతి మలుపు మళ్ళీ బవేరియాలో, మళ్ళీ చట్టం వల్లనే. మ్యూనిక్ దగ్గర స్టార్న్‌బర్గ్ సరస్సులో పెట్రోలు, డీజిల్ పడవలకు ఇచ్చే అనుమతులు పరిమితం. ఆ ఒడ్డున ఇల్లు కొనుక్కున్న క్రిస్టోఫ్ బాలిన్‌కు దొరికిన విద్యుత్ మోటార్లేవీ నచ్చలేదు. ఫ్రీడ్రిక్ బోబెల్‌తో కలిసి 2005లో టార్కీడో కంపెనీ మొదలుపెట్టాడు. వాళ్ళు మోటారు ఒక్కదాన్నే చూడలేదు. బ్యాటరీ నుంచి నీటిని తోసే దాకా మొత్తం దారిలో ఎంత మిగిలిందన్నదే కొలతగా పెట్టుకుని పంకాను పెద్దది చేసి, నెమ్మదిగా తిప్పి, లిథియం బ్యాటరీని మోటారు తల మీదే అమర్చారు. తెరచాప పడవలవాళ్ళు తొలి కొనుగోలుదార్లలో ఉన్నారు. 2017లో ఆ కంపెనీని ఇంజన్ల తయారీదారు డాయిట్జ్ కొన్నది, 2024లో పెట్రోలు అవుట్‌బోర్డ్ మోటార్లకు పేరుపడ్డ యమహా చేతికి వచ్చింది.

అంత ధర పెట్టలేనివాళ్ళు ఫార్గో వంశపు మోటారునే ఉంచుకుని బ్యాటరీ మార్చుకున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనం మీద 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మూల పత్రంలో మూడు పేర్లున్నాయి: పాధీ, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి రెండూ మన దేశపు పేర్లు. వంద ఆంపియర్ అవర్ల ఆ రకం బ్యాటరీ బరువు పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది. దాదాపు పూర్తిగా ఖాళీ చేసినా పాడవదు, బరువైన భారానికి సీసంలా చతికిలబడదు. అంటే సగం బరువులో రెట్టింపు వాడకం.

సాయంత్రం రేవు చేరడానికి పది, పదిహేను నిమిషాలు, పొద్దున బయటికి పోవడానికి మరో పది. శని, ఆదివారాలు కలిపి పాతిక ఆంపియర్ అవర్లు ఖర్చయితే ఎక్కువ. మిగతా అయిదు రోజులూ పడవ లంగరు దగ్గర ఊరికే ఉంటుంది, పైకప్పు మీద వంద వాట్ల సౌర పలక ఒకటి ఉంటే మంచి ఎండలో ఒకటి రెండు రోజుల్లో ఆ లోటు పూడ్చేస్తుంది. వాడుక ఇంత తక్కువున్నా, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, చాప మాత్రమే ఉన్న చిన్న పడవకు అక్కరలేని రిజిస్ట్రేషన్ ఈ బుల్లి మోటారు తగిలించగానే తప్పనిసరి అవుతుంది. నంబరు రాయించుకోవాలి, రుసుము కట్టాలి. అందుకని కొందరు ఇప్పటికీ తెడ్డుతోనే సరిపెట్టుకుంటున్నారు.